జబ్బుపడని కోడి

డాక్టరమ్మ పోయారన్న కబురు నాకు పెనుకొండ బస్టాండులో తెలిసింది. హిందూపురం నుంచి ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పొద్దున టీ తాగి పేపరు చదువుకుంటా కూసునిందక్కా. అట్లే పోయింది" అంది. ఆ సమయానికి నా చేతిలో కోళ్ల టీకాల ఐసు డబ్బా ఉంది. ఒక ఊళ్లో ముప్పై ఇళ్లవాళ్లు కోళ్లను గంపల కింద మూసిపెట్టుకుని నా కోసం కాచుకుని ఉన్నారు. హిందూపురం బస్సు ఎదురుగా బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఏ బస్సెక్కాలో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయాను. చివరికి టీకాల ఊరి బస్సే ఎక్కాను. ఒక్కో కోడినీ పట్టుకుని టీకా వేసి, మధ్యాహ్నం బస్సుకు హిందూపురం చేరాను. డబ్బాలో ఐసు కరిగిపోతుంటే టీకాలను వదిలేసి తన దగ్గరికి వచ్చానని తెలిస్తే ఆమె శవపెట్టెలోంచే లేచి తిట్టేవారు.

సమాధుల తోటలో పెద్ద జనమేమీ లేరు. చుట్టాలు కొందరు, చర్చి పాస్టరు, ఆమెతో పనిచేసిన కాంపౌండరు ఒకాయన, పెనుకొండ వైపు నుంచి పదిమంది ఆడవాళ్లు. మట్టి వేస్తున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి రెండు రోజులయ్యాక, ఆమె గురించి మీకు చెప్పాలనిపించింది. ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పదలచుకున్నది నేను చేసిన తప్పు గురించి. ఆమె ఎలాంటి మనిషో నాకు అప్పుడే తెలిసింది.

ఆమె పెనుకొండ పశువుల ఆసుపత్రిలో డాక్టరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. గడియారం కుడిచేతికి కట్టుకునేవారు, ఎడమచేత్తో కోడిని పట్టుకోవాలని. ఏ ఇంటి వాకిట్లోకి వెళ్లినా ముందు చెప్పులు విడిచి, తనతో తెచ్చుకున్న బక్కెట్లోని గులాబీ రంగు మందునీళ్లలో కాళ్లు కడుక్కునేవారు. బయటికొచ్చేటప్పుడు మళ్లీ కడుక్కునేవారు. కోడిని "అది" అనేవారు కాదు. "ఈయమ్మకు ఎన్నేండ్లు? ఈయమ్మ మేత తింటాందా?" అని అడుగుతుంటే ముసలివాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

తొంభైల చివర్లో నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నప్పుడు ఆమె మా ఊరికి వచ్చారు. మా ఊరు పెనుకొండకు దగ్గరే, హిందూపురం పోయే దారిలో. అమ్మా నాయనా లేని నన్నూ అక్కనూ పెంచింది మా అవ్వ. అవ్వను పోషించింది జాతికోళ్లు. నిక్కిన మెడలు, పొడుగు కాళ్లు, మనిషిని కూడా లెక్కచేయని నడక. పందెం కోసం ఆ కోళ్లను కొనేవాళ్లు కర్ణాటక నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆ రోజు అవ్వ పుంజు కాలికి దెబ్బ తగిలితే నేను ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టించాను. డాక్టరమ్మ పుంజును చూడలేదు, నా చేతుల్ని చూశారు.

"ఏమవ్వా, నీ మనవరాలి చేతిలో కోడి అరవల్యా. ఎవురి చేతిలో కోడి అరవదో వాళ్లకే సూది ఇయ్యల్ల. నాతో పంపు" అన్నారు.

అట్లా నేను టీకాలామెనయ్యాను. కోడిపిల్లకు కంట్లో చుక్క ఎలా వేయాలో, పెద్దకోడికి రెక్క కింద సూది ఎలా గుచ్చాలో ఆమే నేర్పారు. టీకా పొడిని నీళ్లలో కలిపాక గంటన్నరలో వాడేయాలని, ఎండలో పెడితే అది ఉత్త నీళ్లతో సమానమని వందసార్లు చెప్పి ఉంటారు.

రెండో ఏడాది కనగానపల్లి వైపు ఊళ్లలో కొక్కెర రోగం పడింది. కోళ్లు పచ్చగా పారుకుంటూ, మెడలు వంకర తిరిగి చచ్చిపోయే రోగం. మేము ఇంటింటికీ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ ఆమె మొదటి ప్రశ్న ఒకటే.

"ఏ కోడి ముందు పడింది?"

"సచ్చిన కోళ్లకు వరసెందుకమ్మా?" అని జనం విసుక్కునేవారు. ఆమె మాత్రం ఒక పొడుగాటి నోటుపుస్తకంలో గీతలు గీసుకుని రాసుకునేవారు. ఫారం నుంచి తెచ్చుకున్న తెల్లకోళ్లు ఒక వరుస, మామూలు నాటుకోళ్లు ఒక వరుస, మెడ మీద ఈకలు లేని బోడిమెడ కోళ్లు ఒకటి, జాతికోళ్లు ఒకటి. వారం తిరిగేసరికి ఆ పుస్తకంలో ఒక వరస కనబడింది. తెల్లవి ముందు పడ్డాయి. తర్వాత నాటువి. బోడిమెడవీ జాతివీ చాలాచోట్ల ఆఖరుదాకా నిలబడ్డాయి. కొన్ని బతికాయి కూడా.

నాకు గర్వమేసింది. మా అవ్వ కోళ్లు కదా! "జాతికోళ్లకు రోగం రాదు కదా మేడం?" అన్నాను.

"రాదని యాడ రాసినా? ఈ ఊళ్లల్లో, ఈసారి, ఆలస్యంగా వచ్చినాది. అంతవరకే రాసినా."

"ఎందుకు ఆలస్యం?"

"నాకు తెలీదు మే. తెలీదనేదానికి సిగ్గేముంది? తెలీకుండా తెలుసనేదానికి సిగ్గుపడల్ల." పుస్తకం మూసి, "జాతి అనేది జబ్బును కొంచేపు వాకిట్లో నిలబెడతాదేమో. తలుపు మూయాల్సింది మనమే" అన్నారు.

ఆ మాటలో నేను మొదటి సగమే మనసులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు టీకాలు వేస్తూ తిరిగిన ప్రతి ఊళ్లోనూ దాన్నే చెబుతూ వచ్చాను. జాతికోడికి రోగం అంటదు, మా డాక్టరమ్మ పుస్తకంలో ఉంది అని.

మహారాష్ట్రలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చిందని టీవీలో చూపించిన ఏడాది అది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు కోళ్లను గోతాల్లో వేసి గుంతల్లో పూడ్చడం మా ఊరంతా చూసింది. హిందూపురంలో కోడికూర అంగళ్ల ముందు ఈగ కూడా వాలలేదు. ఎండలు ముదరకముందే ఒక పొద్దున మా ఊరి బయట తెల్లకోళ్ల ఫారం రైతు పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. రెండు రోజుల్లో అతని షెడ్డులో సగం కోళ్లు పడిపోయాయి.

డాక్టరమ్మ ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని ఒంటరిగా షెడ్డులోకి వెళ్లారు. నన్ను రానివ్వలేదు. బయటికొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కుంటూ లోపల చూసింది చెప్పారు. కొన్నిటికి మెడలు వంకర తిరిగాయి. అది కొక్కెర లక్షణం. కొన్నిటికి తలలు వాచి, ఎర్రటి తురాయి నీలంగా మారింది. అది రెండు రోగాల్లో ఏదైనా కావచ్చు.

"కొక్కెరేనా డాక్టరమ్మా?" అని రైతు చేతులు జోడించాడు. "టీకా ఏయించినా. కరెంటు కోతలకు ఫ్రిజ్జు పని చేయల్యా. అది సెడిపోయిందేమో..."

"కొక్కెర అనే అనుకుంటాండా. అది కాదని గూడా చెప్పలేను. నమూనాలు భోపాల్ ల్యాబుకు పంపిస్తాండా. అంతవరకూ ఈ ఊర్లోంచి ఒక్క కోడి, ఒక్క గుడ్డు, ఒక్క ఈక గూడా బయటికి పోకూడదు."

ఆ మధ్యాహ్నం బడి ముందర అందర్నీ పిలిపించి ఇదే మాట చెప్పారు. జనంలో ఒకాయన లేచాడు. "ఏమమ్మా, సచ్చిపోతాండేవి ఫారంకోళ్లు. నాటుకోళ్లకూ జాతికోళ్లకూ రాదంట కదా? మమ్మల్నెందుకు కట్టేస్తావు?"

"ఎవురన్నారు?"

"మీ టీకాల పాపే."

ఆమె నా వైపు తిరిగి చూశారు. కోపంగా కాదు. ఏదో లెక్క తప్పిందని అప్పుడే గుర్తించిన మనిషిలా చూశారు. తర్వాత అందరితో, "ఇది కొక్కెరయితే నాకు కొంచెం తెలుసు. ఇది ఆ కొత్త జబ్బయితే ఏ జాతికి ఎంత వస్తాదో నాకు తెలీదు. నాకు తెలీనప్పుడు అన్నిటికీ వస్తాదనే అనుకోవల్ల" అన్నారు.

అతిజాగ్రత్త అనుకున్నాను నేను. ఆ రాత్రి ఊళ్లో ఇంకో మాట పుట్టింది. భోపాల్ నుంచి కబురు రాకముందే అధికారులు వచ్చి ఊళ్లో కోళ్లన్నిటినీ గుంతలో వేస్తారని. అవ్వ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. అప్పటికి మా ఇంట్లో ఒక్క జాతిపెట్టే మిగిలింది. నల్లగా, మెడ దగ్గర మాత్రం ఎర్రగా ఉండేది. అవ్వ అరవై ఏళ్లుగా సాకిన వంశం ఆ పెట్టతోనే ఆగిపోయేలా ఉంది. గుడ్లకు వచ్చింది.

మరుసటి రోజు పొద్దున దాన్ని గుడ్డసంచిలో పెట్టి, పైన చీరలు కప్పాను. "అక్క దగ్గర పెట్టొస్తా" అన్నాను అవ్వతో.

అవ్వ నా ముఖంలోకి చూసింది. "డాక్టరమ్మ ఒప్పుకునిందా?"

"ఒప్పుకునింది" అన్నాను.

చేలకడ్డంపడి పెనుకొండ స్టేషనుకు నడిచి, ప్యాసింజరులో ధర్మవరం దిగి, అక్కడి నుంచి బస్సులో బత్తలపల్లిలోని అక్క అత్తారింటికి చేరాను. దారి పొడుగునా కోడి ఒక్కసారి కూడా అరవలేదు. నా చేతి గుణమని మురిసిపోయాను.

అక్కకు ఏడెనిమిది కోళ్లుండేవి. అన్నీ తెల్లవీ నాటువీ. అక్క పొరుగున ఒక విధవరాలు ఉండేది. ఇరవై దాకా నాటుకోళ్లు, రోజూ గుడ్లు అమ్ముకుని ఇల్లు నడుపుకునేది. రెండిళ్ల కోళ్లూ ఒకే దిబ్బ మీద గింజలు ఏరుకునేవి. అక్క చిన్నకూతురికి నాలుగేళ్లు. మా పెట్టను చూడగానే "నల్లకోడి నాది" అని వీపు నిమురుతూ వదల్లేదు. నేను సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేశాను.

ఐదో రోజు మా ఊరి అంగట్లోని కాయిన్ బాక్సుకు అక్క ఫోన్ చేసింది. "నా కోళ్లు సచ్చిపోతాండాయి మే. నిన్న తెల్లపెట్ట. ఈ పొద్దు మూడు. పక్కింటామె కోళ్లు గూడా తూలుతాండాయి. నీ కోడి మాత్రం బాగుండాది. గింజలు తింటాంది."

ఆ ఫోను పెట్టేశాక పెనుకొండ ఆసుపత్రి దాకా ఎలా నడిచానో గుర్తులేదు. ఆమె వరండాలో రబ్బరు బూట్లు కడుగుతున్నారు. నిలబడి అంతా చెప్పేశాను. అవ్వతో చెప్పిన అబద్ధంతో సహా. తిడతారని ఎదురుచూశాను. ఆమె బూటు పక్కన పెట్టి, "ఏ కోడి ముందు పడిందంట?" అన్నారు.

"అక్క వాళ్ల తెల్లపెట్ట మేడం. మన జాతికోడి బాగానే ఉండాదంట."

ఆమె మెట్టు మీద కూర్చున్నారు. ఆమె అలా కూలబడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఆ బాగుండేదే మోసుకొని పోయినాది మే. రోగంతో పడిపోయే కోడిని జనం దూరం పెడతారు. పడని కోడిని ఒళ్లో పెట్టుకుంటారు." ఆ వెంటనే, "ఆ ఇంట్లో పిల్లోళ్లు ఉండారా?" అని అడిగారు. "నాలుగేండ్ల పాప మేడం. ఆ కోడిని నిమరడం వదల్యా" అన్నాను. ఆమె లేచి జీపు తాళాలు తీసుకున్నారు.

మేము వెళ్లేసరికి అక్క ఇంటి ముందు వీధంతా నిండి ఉంది. ఎవరో మా పెట్టను కాళ్లు కట్టి తలకిందులుగా పట్టుకుని ఉన్నారు. పక్కింటి విధవరాలు మట్టిలో కూర్చుని చచ్చిన కోళ్లను ఒక్కొక్కటిగా వరుసలో పెడుతోంది. ఒక పెద్దాయన కొడవలి తెచ్చాడు.

"ఇదే తెచ్చినాది రోగం. దీన్ని ఈడే నరకల్ల" అంటున్నాడు.

డాక్టరమ్మ జనాన్ని తోసుకుని వెళ్లి ఆ కోడి ముందు నిలబడ్డారు. పొట్టి మనిషి. ఆయన భుజం దాకా కూడా రారు. "నరుకు అప్పా. నెత్తురు ఈదిలో పడతాది. నీ కాళ్లకంటుకొని మీ ఇంటికొస్తాది. మీ ఇంట్లో ఎవురెవురుండారు?"

ఆయన కొడవలి దించలేదు. "రోగం తెచ్చింది నీ మనిషే కదా? నీ జీపులో దిగింది చూడు!"

"నా మనిషే. నేను కాదన్లేదు. దాని గురించి తర్వాత ఎంతైనా అడుగు, నిలబడి చెప్తా. ముందు ఆ కోడిని నా చేతికియ్యి."

ఆయన చెయ్యి పైన అలాగే ఉంది. ఆమె తన రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి కోడిని పట్టుకున్న మనిషే దాన్ని ఆమె చేతుల్లో పెట్టి వెనక్కి తగ్గాడు. ఆమె దాని కాళ్ల కట్టు విప్పి, గంప కింద పెట్టి, దాని గొంతులోంచీ వెనకనుంచీ పుల్లలతో నమూనాలు తీసుకున్నారు. చచ్చినవాటిని సున్నం వేసి పూడ్పించారు. ఆ పనంతా నా చేతే చేయించారు.

అప్పుడు అక్క వచ్చి నెమ్మదిగా చెప్పింది. "చిన్నదానికి పొద్దుట్నుంచి జ్వరం."

పిల్ల ఒళ్లు కాలిపోతోంది. డాక్టరమ్మ పిల్లను కొంగులో చుట్టి జీపులో వేసుకున్నారు. ధర్మవరం దారిలో నేను ఆమె చెవి దగ్గర, "మేడం, ఆసుపత్రిలో కోళ్ల సంగతి చెప్పొద్దు. పిల్లను ముట్టుకోరు. ఈదిలోంచి అక్కోళ్లను ఎళ్లగొడతారు" అన్నాను.

"సుమ్నిరు" అన్నారామె. హిందూపురం మనిషి కదా, కోపమొచ్చినప్పుడు కన్నడం వచ్చేది, నోరు మూసుకోమని. తర్వాత రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "దాచింది చాల్లే మే" అన్నారు.

ఆసుపత్రి డాక్టరుకు అన్నీ వివరంగా చెప్పారు. కోడి ఎక్కణ్ణుంచి వచ్చింది, పిల్ల ఎన్ని రోజులు దాన్ని నిమిరింది, ఏది పడింది, ఏది పడలేదు. పిల్లను వేరే గదిలో పెట్టారు. అక్కను తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మేమిద్దరం బయట వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆ రోజంతా, మర్నాడంతా. ఆమె ఇంటికి పోలేదు. లోపల్నుంచి నర్సు వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడేదాన్ని. ఒకసారి ఆమె సంచిలోంచి వేరుశనగ కాయలు తీసి నా దోసిట్లో పోశారు. నేను తినలేదు. ఆమె ఒక్కొక్కటీ ఒలిచి గింజలు నా చేతిలో పెడుతూ, "జాతికోళ్లు నిలబడినాయని నీకు చెప్పింది నేనే కదా" అన్నారు. "ఆ పొద్దు నువ్వు ఎంత సంబరపడితివో నేను చూసినా. మిగిలిన సగం నీ తలకెక్కలేదని గూడా చూసినా. మళ్లీ చెప్పల్ల అనుకొని చెప్పల్యా."

రెండో రోజు సాయంత్రానికి పిల్ల ఒళ్లంతా ఎర్రటి పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందని నర్సు నవ్వుతూ చెప్పింది. వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలకు కూడా పోసి ఉందట. అక్క గోడకానుకుని భోరున ఏడ్చింది. డాక్టరమ్మ లేచి కొళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

భోపాల్ కబురు ఇంకో నాలుగు రోజులకు వచ్చింది. ఫారం కోళ్లది బర్డ్‌ఫ్లూ కాదు, కొక్కెర. అక్క ఇంటి కోళ్లదీ అదే. మా నల్లపెట్ట నమూనాలో కూడా ఆ పురుగు ఉంది, దాని ఒంటికి ఏమీ కాకపోయినా. నేను ఏటేటా వేసిన టీకా దాన్ని కాపాడిందా, దాని జాతి కాపాడిందా అని అడిగాను. "రెండూ కావచ్చు. నాకు తెలీదు" అన్నారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరో ఆమెకు దండ వేయబోతే వద్దన్నారు. "ఈసారికి కాదని వచ్చినాది. అంతే."

తర్వాత మా ఇంటికొచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నారు. బత్తలపల్లి నుంచి తనే జీపులో తెచ్చిన నల్లపెట్ట గంప కింద ఉంది.

"అవ్వా, ఈయమ్మ ఒంట్లో ఇంకా ఆ పురుగు ఉండాది. రెండు దార్లుండాయి. నెలా రెండు నెలలు ఎవురూ తాకకుండా, యాడికీ పోనీకుండా ఒంటరిగా పెట్టుకుంటే కడిగిపోవచ్చు. లేదంటే నాకిచ్చేయాల. ఆర్డరేమీ లేదు. నువ్వే చెప్పల్ల."

అవ్వ చాలాసేపు గంప వైపు చూసింది. "బాగుండే కోడిని సంపమంటే నాకు మనసెట్ల వస్తాది తల్లీ?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అవ్వ, నా వైపు చూడకుండా, "కానీ నా మనవరాలు ఒగసారి దాపెట్టింది. నాతో అబద్ధం చెప్పింది. ఇంకోసారి గంప ఎత్తదని నేనెట్ల నమ్మేది? తీస్కపో" అంది.

గంప ఎత్తి డాక్టరమ్మ చేతికి కోడిని ఇచ్చింది అవ్వే. అప్పుడు ఏడ్చాను నేను. నన్నెవరూ ఓదార్చలేదు. అది న్యాయమే.

మర్నాడు ఆమె నన్ను మళ్లీ బత్తలపల్లికి తీసుకెళ్లారు. వీధి మొదట్లో జీపు ఆపి, "కోళ్లు పోయిన ఇండ్లు పదకొండు. నువ్వే పోయి చెప్పల్ల. నేను ఈడ్నే కూసునుంటా" అన్నారు.

"మీరు గూడా రాండి మేడం."

"నేనొస్తే వాళ్లు నన్ను చూసి నిన్ను వదిలిపెడతారు. అది వాళ్లకు అన్యాయం."

పదకొండు ఇళ్లూ తిరిగాను. కొందరు తలుపు తీయలేదు. ఒకామె చెంబుడు నీళ్లు ఇచ్చింది. పక్కింటి విధవరాలు నేను చెప్పిందంతా విని, "నీకేమమ్మా, నెలైతే జీతమొస్తాది. నా కోళ్లే నాకు జీతం. తెలిసే తెస్తివా?" అని అడిగింది. తెలియక అని చెప్పాలనుకున్నాను. కానీ, "పంపొద్దన్నారని తెలుసు. రాదనుకున్నా" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది. తిరిగొచ్చి జీపులో కూర్చుంటే డాక్టరమ్మ బండి తీశారు. దారిలో ఒకచోట ఆపి టీ తాగించారు.

ఆమె పైవాళ్లకు రాసిన రిపోర్టు నకలు నేను తర్వాత చూశాను. నేను చేసింది ఉన్నదున్నట్టు రాశారు. కింద ఇంకో మాట ఉంది. జాతికోళ్లకు రోగం రాదన్న నమ్మకం ఊళ్లలో పుట్టడానికి తన పాత రాతలను తాను సరిగా వివరించకపోవడమే కారణమని, టీకాలామె తన అజమాయిషీలోనే ఉందని, బాధ్యత తనదని. ఆమెకు మెమో వచ్చింది. రావలసిన ప్రమోషను వెనక్కిపోయింది. నాకు ఈ సంగతి చెప్పింది కాంపౌండరు. నేను పని మానేస్తానని డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె డబ్బా మూత తీసి చూశారు. "ఐసు కరిగిపోతాంది. మధ్యాహ్నం ఊరుంది కదా నీకు?" అన్నారు. అంతకుమించి ఆ విషయం మా మధ్య మళ్లీ రాలేదు. ఇప్పటికీ నేను ఏ ఊళ్లోనూ ఈ జాతికి రాదు, ఆ జాతికి వస్తాది అని చెప్పను. ఎవరైనా అడిగితే, ఎన్ని కోళ్లున్నాయి, అన్నిటికీ టీకా వేద్దాం అంటాను.

ఆ ఏడు ఎండాకాలం ఆ వీధిలో కోడి కూత లేదు. వానలు పడ్డాక డాక్టరమ్మ ఎక్కడెక్కడో అడిగి, చిల్లులు పెట్టిన నాలుగు అట్టపెట్టెల నిండా కోడిపిల్లలు తెచ్చారు. తెల్లవీ, నాటువీ, రంగురంగుల గిరిరాజ రకంవీ అన్నీ కలిపి. ఒక్క రకమే ఎందుకు తేలేదని అడిగితే, "ఏది నిలబడతాదో ముందే తెలిస్తే నేను డాక్టరెందుకు, జోస్యం చెప్పుకుంటుంటి" అన్నారు. అన్నిటికీ కంట్లో చుక్క వేసే తెచ్చాం. మొదటి పెట్టె పక్కింటి విధవరాలి వాకిట్లో విప్పాం. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. నన్ను చూడలేదు, కానీ తలుపు వేసుకోలేదు.

ఎండ చురుక్కుమంటోంది. పెట్టెలోంచి బయటపడ్డ పిల్లలు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న ఒకే ఒక నీడ వైపు పరిగెత్తాయి. డాక్టరమ్మ చీర నీడ అది. కుచ్చిళ్ల కింద, పాదాల చుట్టూ, పాదాల మీద కూడా ఎక్కి కూర్చున్నాయి. నల్లవీ, పసుపువీ, మచ్చలవీ ఒకదానిమీదొకటి నెట్టుకుంటూ కీచుమంటున్నాయి. ఆమె కదిలితే ఏదో ఒకటి కాలి కింద పడుతుంది. చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా, ఎండలో అలాగే నిలబడిపోయారు.

"ఎవురన్నా రాండమ్మా" అని మెల్లగా పిలిచారు. "కాలు ఎత్తలేకుండా ఉండా."

తలుపు దగ్గర నిలబడ్డామె కొంగు నడుముకు దోపుకుని, మెట్టు దిగింది.